గంగారాం మామ నల్లబెల్లం

మా అవ్వ పోయి నెల దాటింది, ఇంట్ల తంబాకు వాసన మాత్రం పోతలేదు. మా దిక్కు తల్లిని అవ్వ అనే పిలుస్తం. ఆమె బీడీలు చేసుడు బంద్ జేసి ఏండ్లయింది. చేతులు వణుకుడు మొదలైనప్పుడే తమ్ముడు చాట, కత్తెర అన్నీ అటక మీదికి ఎక్కిచ్చిండు. అయినా ఆమె చీరెలు ఎంత ఉతికినా, ఎండల ఎంతసేపు ఆరేసినా, మడత పెట్టబోతే గా వాసన ముక్కుకు తగుల్తనే ఉంటది. చిన్నప్పుడు గా వాసనంటే నాకు నామోషి. బడిల పక్కన కూసున్న పిల్లలు ముక్కు మూసుకుంటరేమో అని భయపడేదాన్ని. గిప్పుడు గవే చీరెల్ల మొఖం పెట్టుకోని ఏడుస్తున్న. మనిషికి బుద్ధి ఎప్పుడొస్తదో ఎవలకెరుక.

గా రోజుల్లనే ఒక సాయంత్రం తమ్ముని బిడ్డ శ్రావణి నా పక్కకొచ్చి కూసుంది. తొమ్మిదో తరగతి చదువుతది, నిజామాబాద్ టౌన్ల పెద్ద ప్రైవేటు బడి. బడోళ్ళు ఒక బేకరీ ఆయనతోని మాట్లాడుకోని పిల్లలకు ప్రాజెక్టు ఇచ్చిండ్రట. బడి బస్సుల బేకరీకి పోవుడు, తలకు టోపీలు పెట్టుకునుడు, మైదా బదులు జొన్నపిండితోని బిస్కెట్లు చేసి చూసుడు, దుకాన్ల అవి పోతయా పోవా అని గిరాకులను అడుగుడు, అదంత ఫోన్ల వీడియో తీసుడు. చెప్తుంటే పిల్ల కండ్లు మెరుస్తున్నయ్. "అత్తా, మీ చిన్నప్పుడు గిసుంటి ప్రాజెక్టులు ఉండెనా?" అని అడిగింది. లేకుండె బిడ్డా, అని నోటిదాక వచ్చింది. గని గోడ మీద పూలదండతోని అవ్వ ఫోటో ఎదురుంగనే ఉన్నది. ఆమె ముంగట అబద్ధం ఆడబుద్ధి కాలే. "ఉండె. ఒక్కటుండె," అన్న. చెప్పు చెప్పు అని ఒక్కతీరు ఎంటబడ్డది. ఇంకోసారి చెప్త తీయ్ అని పంపించిన. తెల్లారి బోధన్ నుంచి కబురొచ్చింది. గంగారాం మామ నన్ను ఒకసారి వచ్చిపొమ్మంటున్నడట. ఎన్నో ఏండ్లసంది నోట పలకని పేరు అది. కబురు చెప్పినాయన ఫోన్ పెట్టేసినంక గూడ నేను ఫోన్ చెవికాన్నే పెట్టుకోని నిలబడ్డ.

మా ఊరు బోధన్‌కు దగ్గర్లనే, నిజాంసాగర్ కాల్వ నీళ్ళు పారే ఊరు. ఎటు చూసినా చెరుకే. ఇంట్ల మగోళ్ళు చెరుకు పనికి పోతే ఆడోళ్ళు బీడీలు చేసేటోళ్ళు. రాత్రి నానేసిన తునికాకును అవ్వ పొద్దుగాల్నే కత్తిరిచ్చి పెట్టుకునేది. వాకిలి ఊడ్చి, అలుకు జల్లి, మాకు ఇంత జొన్నరొట్టె కాల్చిపెట్టి, చాట ఒళ్ళె పెట్టుకోని రోడ్డు పక్కనున్న అరుగు మీద కూసునేది. వాడకట్టు ఆడోళ్ళందరు అక్కడనే చేరేటోళ్ళు. ఎవరింట్ల ఏం కూర, ఎవరి కోడలు అలిగింది, ఎవరి మగడు ఎక్కడ పడిపోయిండు, ఊర్ల ముచ్చటంత గా అరుగు మీదనే తేలేది. అవ్వకు ఒక అలవాటుండె. బీడీ చుట్టేటప్పుడు ఒక్కసారన్న చాట దిక్కు చూడకపోయేది. వేళ్ళు వాటి పని అవి చేసుకునేటివి, కండ్లు మాత్రం రోడ్డు మీదుండేటివి. బాపు వచ్చే తొవ్వ అది. ఆయన నడకను బట్టి, దూరంకెల్లే, ఇయ్యాల ఇంట్ల అన్నం ఉడుకుతదా లొల్లి ఉడుకుతదా అని అవ్వ చెప్పేది.

బాపు మంచోడే, తాగనప్పుడు. నన్ను భుజం మీద ఎక్కించుకోని చెరుకు గడ నోటికి అందిచ్చేటోడు. గని మా దిక్కు గుడుంబ, అదే నాటుసారా, ఇంటింటికి తెలిసిన పీడ. కాల్వ ఒడ్డుపొంటి, చెరుకు తోటల నడుమ పొయ్యిలు పెట్టి కాసేటోళ్ళు. బాపు దాంట్ల పడ్డడు, మల్ల లేవలే. ఒకరోజు కడుపు పట్టుకోని మెలికలు తిరుగుతుంటే, చెరుకు గానుగ గంగారాం మామ ఎడ్లబండి కట్టి బోధన్ దవాఖానకు తోల్కపోయిండు. అవ్వ బండిల బాపు తల ఒళ్ళె పెట్టుకోని కూసున్నది. దవాఖాన రాకముందే, సగం తొవ్వలనే పానం పోయింది. బండి మల్లిచ్చుకోని ఇంటికొచ్చిండ్రు. అవ్వ కండ్లల్ల చుక్క నీరు లేకుండె. దినాలు అయిపోయినంక చాట పట్టుకోని మల్ల అరుగు మీదికి పోయి కూసున్నది.

గా అరుగు మీదనే మహిళా సంఘం పుట్టింది. దానికి పెద్ద మా అవ్వనే. సదువు లేకున్నా మాట గట్టిది. గుడుంబను ఆపాలంటే కాసేటోన్ని పట్టుకుంటే కాదు, వాడు ఇయ్యాల ఈ చెట్టు కింద ఉంటడు, రేపు ఇంకో చెట్టు కింద ఉంటడు, బెల్లాన్నే ఆపాలె అన్నది. మా దిక్కు పసిపిల్లలకు గూడ ఎరుకే ఉండె గది: తినేటందుకు పచ్చగ మెరిసే బెల్లం, గుడుంబ కాసేటందుకు నల్లబెల్లం. అందుకని సంఘం ఒక కట్టుబాటు పెట్టింది. నల్లబెల్లం ఊర్లకెల్లి పోవద్దు, ఊర్లకు రావొద్దు. ఎవలన్న తెస్తే బండి ఆపుడు, ముద్దలు పలగ్గొట్టి కాల్వల పోసుడు, డప్పు కొట్టించి వాని పేరు ఊరంత చాటిచ్చుడు. పోలీసులకన్న గా డప్పుకే మగోళ్ళు ఎక్కువ భయపడేటోళ్ళు. ఇజ్జత్ పోతే ఊర్ల ఎట్ల తిరుగుతరు మరి.

అదంత ఒక దిక్కు. ఇంకో దిక్కు మా బడిల సుధాకర్ సార్ కొత్తగ వచ్చిండు. సైన్సు చెప్పేటోడు, ఎక్కడో దూరం టౌన్‌కెల్లి వచ్చినోడు. పిల్లలు పుస్తకం చదివి పుస్తకమే అప్పజెప్తే చదువు ఎట్లయితది, ఊర్ల పని చేసేటోళ్ళ కాడికి పోవాలె, వాళ్ళతోని కూడి ఏదన్న కొత్తగ చేసి చూడాలె అనేటోడు. కొందరిని రైసు మిల్లుకు పంపిండు, కొందరిని కుమ్మరోళ్ళింటికి. నన్ను, లతను, అన్వర్‌ను గంగారాం మామ గానుగ కాడికి తోల్కపోయిండు. అక్కడ బెల్లం వండేటప్పుడు ఉడుకుతున్న రసంల ఒక తెల్లమందు ఏసేటోళ్ళు. అది ఏస్తే బెల్లం పచ్చగ, బంగారం తీరు వస్తది, మార్కెట్ల దానికే గిరాకి. గా మందు లేకుండ వండితే ఎట్లుంటది, ఎన్ని దినాలు ఉంటది, తింటే ఎట్లుంటది అనేది మా ప్రాజెక్టు. వండి, నిజామాబాద్‌ల పెట్టే సైన్సు ప్రదర్శనకు తీస్కపోవాలె.

గంగారాం మామ సంగతి చెప్పాలె. ఈ మనిషి ఊకుంటే ఊర్ల కాకులు గూడ పరేషాన్ అయితయి అనేటోళ్ళు, గంత లొల్లి మనిషి. సంతల కూరగాయల కాడ మొదలు వెడితే పంచాయతీ ఆఫీసు దాక ఆయన గొంతే. తన బెల్లం గురించి కోతలు కోసుడంటే పానం. "నా బెల్లం తిన్నోడు నిజామాబాద్ నుంచి మాక్లూర్ దాక నడుసుకుంట పోయినా ఆకలి కాదు!" అనేటోడు. అవ్వ ఆయనను అన్న అని పిలిచేది, అందుకే మాకు మామ. సార్ పోయి ప్రాజెక్టు ముచ్చట చెప్తే మొదలు పకపక నవ్విండు. "మందు ఏయకుంటే ఎవడు కొంటడు సార్? పిచ్చిగిట్ల లేసిందా?" అన్నడు. సార్ ఊకోలే. ప్రదర్శనల వందల మంది పిల్లలు చూస్తరు, నువ్వే నిలబడి చెప్పాలె అన్నడు. గా మాటకు మామ మీసం దువ్విండు. "నేనా? పిల్లలకా? సార్ల ముంగటనా?" అని అడిగిందే అడిగిండు. ఇగ మాకన్న ఆయనకే తొందర ఎక్కువైంది. బడి ఇడిచిపెట్టంగనే పరుగు పరుగున పోతే, మాకన్న ముందుగాల్నే గానుగ కాడ ఎదురు చూస్తుండేటోడు.

వండిన రోజు నాకు ఇంక కండ్లకు కట్టినట్టే ఉన్నది. డీజిల్ ఇంజిన్ టకటక కొట్టుకుంటుంటే గడలు లోపటికి పోయి రసం కారింది. బట్టల వడగట్టి పెద్ద ఇనుప పెనంల పోసిండ్రు. ఎండిన పిప్పి పొయ్యిల తోస్తుంటే మంట గుప్పుమనేది, పొగకు మా కండ్లు ఎర్రగయినయ్. మామ పెండ్లాం సాయవ్వత్త బెండ కట్టెలు దంచి, నీళ్ళల్ల పిసికి జిగురు తీసి రసంల పోసింది. మురికంత నురుగై పైకొస్తే అన్వర్ పొడుగు గంటెతోని తీసి అవతల పోసిండు. అసలు మందు రాకముందు అందరు గిట్లనే చేసేటోళ్ళట. తేనె రంగు వస్తదన్నడు సార్. గంటలు గంటలు ఉడికి ఉడికి, ఆఖరుకు వచ్చింది చింతపండు రంగు. మేం ముగ్గురం బిక్కమొఖం ఏసినం. చెరుకు ఎక్కువ ముదిరిందో, మంట ఎక్కువైందో, ఎందుకైందో నాకు ఇప్పటికి తెల్వదు. మామ మాత్రం ఉడుకుడుకు ముక్క ఒకటి నోట్లె ఏసుకోని కండ్లు మూసుకున్నడు. "మా బాపు చేసిన బెల్లం గిట్లనే ఉండె," అన్నడు. మాకు తలో ముక్క పెట్టిండు. గసుంటి రుచి నేను మల్ల ఎక్కడ చూడలే.

పెనం ఎక్కిస్తే నిండుగ ఎక్కియ్యాల్నే, మూడు నాలుగు ముద్దలకని కొంచెం రసం పోసి వండుడు కుదరదు, మాడిపోతది. అందుకని సంచి నిండ ముద్దలయినయ్. "మంచిగయింది, ప్రదర్శనకొచ్చిన పిల్లలందరికి తలో ముక్క పెడ్త. నిజామాబాద్ మొత్తం నాకాలె!" అన్నడు మామ. సాయవ్వత్త ముద్దల దిక్కు చూసి కొంగుతోని చెయ్యి తుడుసుకుంట అన్నది: "రంగు జర నల్లగున్నది. ముందుగాల రాజవ్వ చెవిల ఒక మాట ఎయ్యరాదు?" రాజవ్వ అంటే మా అవ్వ. మామ గయ్యిమన్నడు. "బడి పనికి నేను పోయి ఆడోళ్ళ పర్మిషన్ తీస్కోవాల్నా? దాని బిడ్డనే ఇక్కడుండె గద!" అన్నడు. నేను గూడ అక్కడనే నిలబడి నవ్విన. బడి పని అంటే దేవుని పని లెక్క, దాన్ని ఎవలేమంటరు అనుకున్న, ఇంట్ల అవ్వకు గూడ చెప్పలే.

ప్రదర్శన రోజు మేం సార్‌తోని పొద్దుగాల బస్సుకు పోయినం. మామ తర్వాత ఆటోల బెల్లం సంచి తీస్కోని వస్తనన్నడు. కొత్త అంగి కుట్టిచ్చుకున్నడు, చెప్పులకు నూనె రాసుకున్నడు. నిజామాబాద్‌ల గా పెద్ద హాల్ల మాకొక బల్ల ఇచ్చిండ్రు. వెనుక చార్టు అతికిచ్చినం, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి బెల్లం పెట్టే జాగ ఇడిచినం. పక్క బల్లల మీద గాలిమరలు తిరుగుతున్నయ్, బల్బులు ఎలుగుతున్నయ్. పెద్దసార్లు వచ్చిండ్రు, చార్టు చదివిండ్రు, మరి బెల్లమేది అన్నరు. వస్తున్నది సార్, అన్నం. మధ్యాహ్నమైంది, రాలే. సాయంత్రమైంది, రాలే. సుధాకర్ సార్ మొఖం చూడబుద్ధి కాలే. లత ఏడ్చింది. అన్వర్ చార్టు పీకి చుట్టిండు. మామ మాటిచ్చి తప్పిండని నాకు గంత కోపమొచ్చింది, బస్సుల మొత్తం ఆయనను తిట్టుకుంటనే వచ్చిన.

ఊర్ల దిగంగనే తెలిసింది. లత వాళ్ళవ్వ బస్సు కాడనే ఎదురొచ్చి చెప్పింది. అరుగు ముంగట ఆటో పోతుంటే గాలికి సంచి మూతి విచ్చుకున్నది, నల్లటి ముద్ద అవ్వ కండ్ల పడ్డది. అవ్వ చాట పక్కకు పెట్టి రోడ్డు నడుమ నిలబడ్డది. ఆడోళ్ళందరు లేచిండ్రు. మామ కిందికి దిగి, "ఇది బడి బెల్లం! నీ బిడ్డనే అడుగు!" అని మొత్తుకున్నడట. "బడికి సంచెడు బెల్లమెందుకు?" అని ఒకామె అడిగింది. "పిల్లలందరికి తినవెడ్త" అంటే అందరు నవ్విండ్రు. అంతకుముందు పట్టుబడ్డోడు గుడి ప్రసాదానికి అన్నడు, ఇంకోడు బర్ల దాణాకన్నడు. తాటిచెట్టు కింద కూసోని పాలు తాగినా కల్లే అంటరు గద. ముద్దలు రోడ్డు మీద పలగ్గొట్టి కాల్వల పోసిండ్రు. పొద్దు గూకకముందే డప్పు తిరిగింది. పిల్లల పేరు చెప్పి గంగారాం గుడుంబకు నల్లబెల్లం వండిండు అని.

నేను ఇంటికి ఉరికిన. అవ్వ పొయ్యి కాడ కూసోని బీడీ కట్టలకు దారం చుడుతున్నది. "అవ్వా, గది మా ప్రాజెక్టు బెల్లం. మేమే వండినం. మేం ముగ్గురం అక్కడనే ఉన్నం," అన్న. తల ఎత్తలే. "అందరికి పెడుదామనే అంత వండిండు మామ. పెనం కొంచెమే వండరాదు," అన్న. "అన్నం తిను," అన్నది. "నువ్వు పోయి సంఘంల చెప్పు," అన్న. "ఏం చెప్పాలె?" "తప్పైందని చెప్పు." ఆమె చేతిల దారం పటుక్కున తెగింది. తెగిన దారం దిక్కు చూసుకుంట, "మీ బాపు యాదికున్నడా?" అని అడిగింది. నేను పోయి కంచం తెచ్చుకున్న. "తిని పండుకో," అన్నది. గంతే. ఆమె నా మాట నమ్మలేదని నేను అనుకున్న. ఎన్నో ఏండ్లు గట్లనే అనుకున్న.

అసలు వింత ఆ తర్వాత అయింది. ఉప్పుకు, పప్పుకు గూడ ఊరంత వినవడేటట్టు కొట్లాడే మనిషి, తన పేరు డప్పు మీదికెక్కితే నోరు మెదపలే. సుధాకర్ సార్ సంఘం ఆడోళ్ళ కాడికి పోయి మాట్లాడ్త అంటే, మామనే ఆయన చెయ్యి పట్టుకోని ఆపిండు. "ఇడిచిపెట్టు సార్. అయిపోయింది ఇగ," అన్నడు. సార్ ఆగమైపోయిండు. నిప్పు లేంది పొగ రాదు, తప్పు చేయకుంటే గసుంటోడు ఊకుంటడా అన్నది ఊరు. నా కడుపుల గూడ గా అనుమానం పురుగు దొలిచినట్టు దొలిచింది. మేం లేని టైముల ఇంకో పెనం వండిండేమో, మమ్ముల అడ్డం పెట్టుకున్నడేమో. మా బడి పెద్దసారు బయటి ప్రాజెక్టులన్నీ బంద్ పెట్టిండు, మేం మట్టితోని మామిడిపండ్లు చేసి రంగులేసినం. సుధాకర్ సార్‌కు కొన్ని నెలలకు బదిలీ అయింది. మామ గానుగకు చెరుకు తెచ్చేటోళ్ళు లేరు. ఇంజిన్ చప్పుడు ఆగిపోయింది. ఆయన బోధన్ పోయి రైసు మిల్లుల కావలి పనికి కుదిరిండు.

సాయవ్వత్త మాత్రం ఇంకొన్ని ఏండ్లు ఊర్లనే ఉన్నది. మా ఊర్ల బతుకమ్మ కాడ పాట ఎత్తుకునేది ఆమెనే. గొంతు గంత మంచిది. ఆమె ఎత్తుకుంటే చుట్టు తిరిగే ఆడోళ్ళందరు అందుకునేటోళ్ళు, కాల్వ అవతలి ఊరి దాక వినవడేది. గా యేడు గూడ తంగేడు, గునుగు పేర్చి నెత్తి మీద పెట్టుకోని వచ్చింది. తన బతుకమ్మను నడుమ పెట్టబోతే ఎవలో కాలు అడ్డం పెట్టిండ్రు. జరంత అవతల పెట్టుకున్నది. పాట ఎత్తుకున్నది. ఎవలు అందుకోలే. ఆమె ఒక్కతే ఇంకో మాట పాడింది, మల్ల ఒక మాట పాడింది, ఆఖరుకు ఆగింది. ఇంకొకామె వేరే పాట ఎత్తుకుంటే అందరు అందుకున్నరు. మా అవ్వ గుంపుల్నే ఉన్నది, తల వంచుకోని చప్పట్లు కొడుతున్నది. సాయవ్వత్త బతుకమ్మను ఎత్తుకోని ఇంటికి పోయింది. గా రోజు నాకు అవ్వ మీద పుట్టిన అసహ్యం గింతంత కాదు. ఆమెతోని నేను చాన దినాలు సరిగ మాట్లాడలే.

అయితే ఒకటి చెప్పాలె, లేకుంటే అన్యాయమైతది. మా ఊర్ల గుడుంబ పోయింది. గంగారాం అంతటోన్నే ఇడువలేదు మనల్ని ఇడుస్తరా అని కాసేటోళ్ళు పొయ్యిలు పీకేసుకున్నరు. లత వాళ్ళ బాపు తాగుడు మానిండు, బతికి బట్టకట్టిండు, మనుమరాండ్లను ఎత్తుకున్నడు. నా ఈడు పిల్లలు చానమందికి తండ్రులు మిగిలిండ్రు. నాకు మిగలలే గని వాళ్ళకు మిగిలిండ్రు. అవ్వ చేసింది తప్పా ఒప్పా అని నేను కొట్టుకోని కొట్టుకోని ఇడిచిపెట్టిన. చదువుకున్న, నౌకరి చేసిన, కథలు రాసిన, గని ఈ ముచ్చట మాత్రం ఎక్కడ రాయలే.

గిప్పుడు నిజామాబాద్‌ల ఏ పెద్ద దుకాన్ల చూసినా గదే నల్లబెల్లం. అందమైన డబ్బాలల్ల పెట్టి, మందుల్లేని బెల్లం అని రాసి అమ్ముతున్నరు. పచ్చబెల్లం కొంటే మా తమ్ముని పెండ్లాం కోపం చేస్తది, అది విషం వదినా అంటది. పిల్లలు ప్రాజెక్టు చేస్తే బేకరీ ఆయనకు శాలువ కప్పి ఫోటో దిగుతున్నరు. కాలం మారింది, మంచికే మారింది. మారకముందు బతికినోళ్ళ సంగతి ఎవలకు పట్టింది? గా డబ్బాలు చూసినప్పుడల్లా మొఖం తిప్పుకోని పోత. మంచిదని తెలిసి కూడ ఎన్నడు కొనలే.

బోధన్‌కు ఒక్కదాన్నే పోయిన. బందైన చెక్కర ఫ్యాక్టరీ దాటినంక ఒక ఇరుకు సందుల రెండు రేకుల అర్రలు, అదే ఇల్లు. గంగారాం మామ మంచం మీద కూసోని ఉన్నడు. బక్కగయిండు, మీసం పూర్తిగ తెల్లబడ్డది. గొంతు మాత్రం పోలే. "రా బిడ్డా, రా. రాజవ్వ పోయిందని తెలిసింది. రావాలనుకున్న, కాళ్ళు రాలే," అన్నడు. సాయవ్వత్త తలుపు కాడ కూసోని బియ్యం ఏరుతున్నది. నన్ను చూసి లేచింది, బాగున్నవా పద్మా అన్నది, చాయ్ పెట్టేటందుకు లోపలికి పోయింది. దవాఖాన ముచ్చట, పిల్లల ముచ్చట అయినంక మామ గొంతు సవరించుకున్నడు.

"బిడ్డా, మీ అవ్వకు నేనొక మాటిచ్చిన. ఆమె బతికున్నన్ని దినాలు నోరిప్పనని. గిప్పుడు ఆమె పోయింది."

"ఏం మాట మామా?"

"డప్పు కొట్టిన తెల్లారి, ఇంక సరిగ తెల్లారనే లేదు, నేను గానుగ కాడ కూసున్న. సంఘం మీదికి ఎట్ల పోవాల్నా, ఎవన్ని పట్టుకోని ఎట్ల తిట్టాల్నా అని అనుకుంటున్న. మీ అవ్వ వచ్చింది. ఒక్కతే. వచ్చి నా ముంగట మట్టిల కూసున్నది. 'అన్నా, నీ బెల్లం గుడుంబకు కాదు. నా బిడ్డ రాత్రి చెప్పింది, దానికి అబద్ధం ఆడరాదు. తప్పు నాదే' అన్నది. మరి పోయి ఊర్ల చెప్పు అన్న. కోపంగనే అన్న. 'నువ్వు చెప్పుమంటే ఇప్పుడే మల్ల డప్పేయిస్త. గని అన్నా, ఎల్లుండి ఇంకోడు నల్లబెల్లం తెస్తడు, ఇది గూడ బడి బెల్లమే అంటడు. గప్పుడు నేను ఏమని ఆపాలె? ఒక్కసారి మేం తప్పినమంటే, ఇగ మా మాట ఎవడింటడు?' అన్నది. కొంగు నోట్లె కుక్కుకోని ఏడ్చింది బిడ్డా. మీ బాపు నా బండి మీద పోయిన దినం గూడ ఏడ్వలే ఆమె. నేను చూసిన గద."

నా కండ్లెంట నీళ్ళు కారుతున్నయ్. అవ్వ నన్ను నమ్మింది. గా రాత్రే నమ్మింది. నేను ఇన్నేండ్లు ఆమెను ఏమేం అనుకోలే!

"నువ్వేమన్నవ్ మామా?"

"ఏమంట? బండిల మీ బాపు మొఖం యాదికొచ్చింది. సరే చెల్లె, ఊకుంట అన్న. నా ఇజ్జత్ ఒక్కటి పోతే పోయింది, ఊరు బాగువడనీ అనుకున్న." ఆయన మీసం మీద చెయ్యేసుకున్నడు. "ఊకున్న. నాకు ఊకునుడు ఎంత కష్టమో మీకెరుకే గద," అని నవ్విండు. నేను ఆయన చెయ్యి పట్టుకున్న. ఏడ్చుకుంటనే పట్టుకున్న. గసుంటి మనుషులు నా చుట్టు తిరిగిండ్రని, నేను వాళ్ళను గుర్తు పట్టలేదని, గర్వమో దుఃఖమో నాకే తెల్వకుండ అయింది.

"నిన్ను ఎందుకు పిలిచిన్నంటే," అని మామ గొంతు తగ్గిచ్చి తలుపు దిక్కు చూసిండు, "నీ అత్తకు గూడ చెప్పలే. చెప్తే ఇది ఊకునేది కాదు, నా తరఫున ఊరంత లొల్లి చేసేది. ఇది నన్ను ఎన్నిసార్లు అడిగిందో. తప్పు చేయకుంటే నోరెందుకు మూసుకున్నవ్ అని. ఇన్నేండ్లకు ఇప్పుడు నేనొక్కన్నే చెప్తే నమ్మదు. నువ్వు రాజవ్వ బిడ్డవు, నీ ముంగట చెప్తే నమ్ముతదని."

సాయవ్వత్త అప్పటికే తలుపు కాడ ఉన్నది. చాయ్ కప్పులు చేతులల్ల ఉన్నయ్, చాయ్ మీద మీగడ కట్టింది. ఎంతసేపటి సంది నిలబడ్డదో తెల్వదు. లోపలికొచ్చి కప్పులు ముక్కాలిపీట మీద పెట్టింది. మామ మొఖం చూడలే, నా మొఖం చూడలే. కొంగు సదురుకోని గోడకు ఒరిగి కింద కూసున్నది.

"మీ అవ్వ వచ్చి ఈయన్ను అడిగింది," అన్నది. "ఈయన సరే అన్నడు. మంచిదే. ఇద్దరు మంచోళ్ళే."

మామ ఏదో అనబోయిండు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"ఈయన బోధన్ వచ్చి మిల్లు కాడ కూసున్నడు. మీ అవ్వ అరుగు మీద కూసున్నది. గా ఊర్ల, గా ఆడోళ్ళ నడుమ తిరిగింది నేను గద పద్మా. ఇద్దరు పెద్దమనుషులు కూసోని మాట్లాడుకున్నరు. నన్నొక్క మాట అడగకపోయిండ్రా? అడిగితే నేను గూడ సరే అనకపోదునా?"